కుందలహళ్లి ఒమాహా క్లాసు: తగలని డ్రాతో బ్లఫ్ ఎప్పుడు కొట్టాలి?

బెంగళూరులో పోకర్ నేర్పేవాళ్లకు కొదవ లేదు. కానీ ఎక్కడ చూసినా చేతికి రెండు ముక్కలిచ్చే హోల్డెమ్ రకమే. ఇంకో రకమైన ఒమాహా సంగతేంటని అడిగితే "రెండు ముక్కలకు బదులు నాలుగు ఇస్తారు, అంతే" అని అరగంటలో తేల్చేస్తారు. కుందలహళ్లిలో తెలుగాయన ఒకరు ఆదివారాలు ఒమాహా ఒక్కటే, అదీ పాట్ లిమిట్ ఒమాహా (ఒకసారికి పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, ఉన్నంత వరకే పెంచగలిగే రకం), తెలుగులో చెబుతున్నారని ఆఫీసులో విని చేరాను. కోర్సు మొన్ననే అయిపోయింది. తక్కువ పందేల చిన్న టేబుళ్ల మీద ఆడే మనవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు కాబట్టి, వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. క్లాసుకు బోర్డు గానీ ప్రకటనలు గానీ లేవు. ఒకరి నుంచి ఒకరు విని చేరడమే.

ముందు మామూలు వివరాలు. పర్పుల్ లైన్ మెట్రోలో కుందలహళ్లి స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే దగ్గరే. కింద ఆంధ్రా మెస్, పైన రెండో అంతస్తులో గది. పది గంటలకు మొదలై ఒంటిగంటకు అయిపోతుంది. బండి మీద వచ్చేవాళ్లకు పార్కింగ్ కష్టం, మెట్రోయే నయం. ఆరు ఆదివారాలకు 6,000 రూపాయలు. రెండు టేబుళ్లు, ఒక్కోదానికి ఆరుగురు. పేకలు మంచి ప్లాస్టిక్‌వి, పెద్ద అంకెలవి. నాలుగు ముక్కలు చేతిలో పట్టుకుని మూలలు ఎత్తి చూసుకునే ఆటలో అంకెల సైజు ఎంత ముఖ్యమో ఆడినవాళ్లకు తెలుసు. డబ్బు ప్రసక్తి అసలు లేదు, చిప్స్ మాత్రమే. ఈ నియమం దగ్గర సార్ చాలా గట్టిగా ఉంటారు, అది నాకు నచ్చింది.

బ్యాచ్‌లో ఎక్కువమంది గుంటూరు, కడప, ఖమ్మం వైపువాళ్లు. అందరూ రమ్మీతో పెరిగినవాళ్లే. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధించాక, బెంగళూరులో ఉద్యోగాలకొచ్చిన మనవాళ్లు ఇక్కడే యాప్‌లలో ఆడేవాళ్లు. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో, నైపుణ్యం ఉన్న ఆటైనా సరే, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం దేశమంతా ఆగిపోయింది. యాప్‌లకు అలవాటుపడ్డవాళ్లకు టేబుల్ దగ్గర మొదట ఎదురయ్యే ఇబ్బంది లెక్క. యాప్‌లో 'పాట్' అని బటన్ ఉంటుంది. టేబుల్ దగ్గర ఆ లెక్క మనమే కట్టాలి. పాట్‌లో 600 ఉంది, ముందువాడు 300 పెట్టాడు, గరిష్ఠంగా ఎంతకు రెయిజ్ చేయొచ్చు, అంటే పెంచొచ్చు? మొదట 300 కాల్ చేసినట్టు, అంటే అతను పెట్టినంత మనమూ పెట్టినట్టు లెక్కేస్తే పాట్ 1,200 అవుతుంది. ఆ 1,200 రెయిజ్, కాల్ చేసిన 300 కలిపి మొత్తం 1,500. మొదటి క్లాసు సగం ఇదే చేయించారు. నాలాంటి ఆడుతున్నవాళ్లకు కాస్త విసుగు, కొత్తవాళ్లకు తప్పనిసరి.

అసలు నేను ఈ క్లాసును మెచ్చుకునేది రివర్ పాఠం కోసం. అందరికీ ఉమ్మడిగా బోర్డు మీద ముందు పడే మూడు ముక్కలు ఫ్లాప్, నాలుగోది టర్న్, చివరిదైన ఐదోది రివర్. డ్రా (సరైన ముక్క పడితే పూర్తయ్యే చేయి) తగల్లేదు, చివరి ముక్క పడిపోయింది, చేతిలో ఏమీ లేదు, ముందు పెద్ద పాట్ ఉంది. ఇప్పుడు బెట్ వేసి ఎదుటివాడిని లేపాలా (ఫోల్డ్ చేయించాలా, అంటే ముక్కలు పడేయించాలా), వదిలేయాలా? ఒమాహాలో ఈ ప్రశ్న ప్రతి పూటా వస్తుంది, ఎందుకంటే నాలుగు ముక్కలతో డ్రాలు హోల్డెమ్ కంటే చాలా పెద్దవి. సార్ పాఠం మొదలుపెట్టింది ఈ చేతితో. చదివేవాళ్లు పేక ముందర పెట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

మన చేతిలో డైమన్ రాణి, ఇస్పేటు జాకీ, ఇస్పేటు పది, కళావరు ఏడు. ఫ్లాప్‌లో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది, డైమన్ నాలుగు. ఒమాహాలో చేతిలోంచి సరిగ్గా రెండు, బోర్డు నుంచి సరిగ్గా మూడు వాడాలి. ఆ లెక్కన రాణి, జాకీ, పది, ఏడు ఒక్కోటి మూడేసి, ఆరు నాలుగు, మొత్తం 16 ముక్కలు మనకు స్ట్రెయిట్ (వరసగా ఐదు అంకెలు) ఇస్తాయి. ఇస్పేట్లు ఇంకా తొమ్మిది మిగిలాయి, ఏది పడినా ఫ్లష్ (ఒకే గుర్తు ఐదు ముక్కలు). వాటిలో రాణి, ఏడు, ఆరు ఇప్పటికే లెక్కలో ఉన్నాయి కాబట్టి కొత్తగా ఆరు. మొత్తం 22 ముక్కలు. కనబడని 45లో 22! ఇంత పెద్ద డ్రా కూడా రెండుసార్లూ తగలకుండా పోయేది ఎంత? టర్న్‌లో 45లో 23, రివర్‌లో 44లో 22. గుణిస్తే నూటికి పాతిక పైచిలుకు. అంటే ఇంత బలమైన డ్రా కూడా నాలుగింట ఒకసారి మట్టి కొట్టుకుపోతుంది.

అలాగే పోయింది. టర్న్ ఆటీను రెండు, రివర్ కళావరు రాజు. ఫ్లాప్‌లో, టర్న్‌లో మనమే బెట్ వేశాం, ఎదుటివాడు రెండుసార్లూ కాల్ చేశాడు. "ఇప్పుడు ఎవరు బెట్ వేస్తారు?" అని సార్ అడిగితే గదిలో సగం చేతులు లేచాయి. నా చేతిలో ఏమీ లేదు, చూపిస్తే ఓడిపోతాను, కాబట్టి బెట్ ఒక్కటే దారి అన్నది వాళ్ల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది.

సార్ వాళ్లను తప్పు పట్టలేదు. ఇంకో పేక తీసి, ఎదుటివాడు రెండుసార్లు కాల్ చేయడానికి వీలున్న చేతులన్నీ టేబుల్ మీద పరిచారు. ఒక పక్క తగలని డ్రాలు: జాకీ పది ఉన్నవి, పది ఏడు ఉన్నవి, రాణి జాకీ ఉన్నవి, రెండు ఇస్పేట్లు ఉన్నవి. ఇంకో పక్క తయారైన చేతులు: మూడు తొమ్మిదులు, మూడు ఎనిమిదులు, తొమ్మిది ఎనిమిది రెండు జతలు, ఇప్పుడు రాజు కలిసినవి. ఆ తర్వాత మన చేతిలోని నాలుగు ముక్కలకు సరిపడేవి ఆ పరిచినవాటిలోంచి ఒక్కోటీ తీసేశారు. రాణి ఒకటి పోయింది, ఇస్పేటు జాకీ, ఇస్పేటు పది పోయాయి, ఏడు ఒకటి పోయింది. డ్రాల వైపు గబగబా ఖాళీ అయింది. తయారైన చేతుల వైపు ఒక్క ముక్క కదల్లేదు.

"మన బెట్‌కు లేచిపోయేవాళ్లంతా ఈ పక్క ఉన్నారండీ," అని ఖాళీ అయిన వైపు చూపించారు. "వాళ్ల ముక్కలు మీ చేతిలోనే ఉన్నాయి. ఇంక ఎవర్ని లేపుతారు?"

ఈ ఒక్క దృశ్యం కోసమే ఫీజు కట్టొచ్చు. డ్రా పోయిందన్నది బ్లఫ్‌కు కారణమని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ తగలని డ్రాయే బ్లఫ్‌కు అడ్డం. మన దగ్గర ఆ ముక్కలు ఉండటం వల్లే ఎదుటివాడి దగ్గర తగలని డ్రా ఉండే అవకాశం తగ్గి, నిజమైన చేయి ఉండే అవకాశం పెరుగుతుంది. చిన్న టేబుల్ మీద మూడు తొమ్మిదులు పట్టుకున్నవాడు ఒక రాజు పడిందని వదిలేయడు. కాబట్టి ఇక్కడ చెక్ చేసి, అంటే బెట్ వేయకుండా, వదిలేయాలి. బ్లాకర్ల (మన చేతిలో ఉండటం వల్ల ఎదుటివాడికి దొరకని ముక్కల) గురించి పుస్తకాల్లో, వీడియోల్లో ఎంత చదివినా, ముక్కలు కళ్లముందు తీసేస్తే వచ్చే స్పష్టత వేరు.

మరి ఎప్పుడు కొట్టాలి? దానికి రెండో చేయి. మన దగ్గర ఇస్పేటు ఆసు, డైమన్ రాజు, కళావరు రాణి, ఆటీను తొమ్మిది. ఇస్పేటు ఇంకొకటి లేదు. ఫ్లాప్ డైమన్ జాకీ, ఇస్పేటు పది, ఇస్పేటు మూడు. ఇదీ 16 ముక్కల స్ట్రెయిట్ డ్రాయే. టర్న్ ఆటీను ఆరు, రివర్ ఇస్పేటు రెండు. స్ట్రెయిట్ తగల్లేదు, కానీ బోర్డు మీద మూడో ఇస్పేటు పడింది. ఆసు మన దగ్గర ఉంది కాబట్టి అతి పెద్ద ఫ్లష్ ఎదుటివాడి దగ్గర ఉండటానికి వీల్లేదు. మనం ఫ్లాప్ నుంచి ఆడిన తీరు కూడా ఆసుతో ఫ్లష్ డ్రా ఉన్నవాడు ఆడినట్టే ఉంది. మూడు జాకీలు పట్టుకున్నవాడు ఇక్కడ నిజంగా భయపడతాడు.

ఇక్కడే కడప అతను అడిగాడు: "సార్, ఆసు నా దగ్గరే ఉంది గదా, ఇంక కాల్ చేసేదెవరు?" చిన్న టేబుల్ మీద దీనికి జవాబు రాజు ఫ్లష్ ఉన్నవాడు. పెద్ద ఆటల్లో ఇంత పెద్ద బెట్‌కు రాజు ఫ్లష్ పడేసేవాళ్లు ఉంటారు. మన టేబుల్ మీద ఉండరు, అతనికి తన రెండు ఇస్పేట్లు తప్ప ఇంకేమీ కనబడవు. అందుకని సార్ పెట్టిన షరతు: ఆసుతో బ్లఫ్ కొట్టేటప్పుడు ఎదుటివాడు ఒక్కడే ఉండాలి, అతను ఇంతకు ముందు ఏదో ఒక మంచి చేయి పడేయడం మనం కళ్లారా చూసి ఉండాలి. రెండోది లేకపోతే మొదటిది చాలదు. నేను ఆడే టేబుల్ మీద ఈ రెండూ కుదిరేది పూటకు ఒకసారి కూడా ఉండదు. అది నిరుత్సాహపడాల్సిన సంగతేమీ కాదు, ఆ టేబుల్ తీరే అంత.

ఒక్కడే ఉండాలి అన్నదానికి లెక్క కూడా చూపించారు, ఇది అందరూ రాసిపెట్టుకోవాల్సిన లెక్క. పాట్ అంత బెట్‌తో బ్లఫ్ కొడితే రెండింట ఒకసారి పనిచేస్తే సమానం. సగం పాట్ వేస్తే మూడింట ఒకసారి చాలు. ఇప్పుడు ఎదురుగా ఇద్దరున్నారు. ఒక్కొక్కరూ పదింట ఏడుసార్లు ఫోల్డ్ చేస్తారనుకుందాం, చిన్న టేబుల్‌కు అది చాలా ఉదారమైన అంచనా. ఇద్దరూ ఒకేసారి ఫోల్డ్ చేసేది నూటికి 49 సార్లే. కావాల్సింది 50. పదింట ఆరుసార్లే అనుకుంటే 36కు పడిపోతుంది. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టే పందేలు) 25, 50 ఉన్న టేబుల్ మీద నలుగురైదుగురు ఫ్లాప్ చూడటం మామూలు, రివర్ దాకా ముగ్గురు రావడం కూడా మామూలే. అక్కడ తగలని డ్రాతో బెట్ వేయడమంటే ఊరికే ఇచ్చేయడమే.

ఇంకో విషయం స్టాక్, అంటే మన ముందున్న చిప్స్. రివర్‌కు వచ్చేసరికి పాట్ 2,000, మన ముందు మిగిలింది 500 అయితే, ఆల్ ఇన్ అని అదంతా పెట్టినా ఎదుటివాడు 500 పెట్టి 2,500 గెలుచుకునే బేరం. ఆరింట ఒకసారి గెలిచినా అతనికి నష్టం లేదు. ఏ రెండు జతలున్నా కాల్ చేస్తాడు, చేయాలి కూడా. కాబట్టి బ్లఫ్ కొట్టే ఉద్దేశం ఉంటే, రివర్‌లో కనీసం పాట్‌కు దగ్గరగా చిప్స్ మిగిలేలా టర్న్‌లోనే చూసుకోవాలి. ఆ ఆలోచన రివర్ పడ్డాక మొదలుపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఈ టర్న్ ఆలోచనను అలవాటు చేయడానికి సార్ చేయించే సాధన ఈ కోర్సులోకెల్లా గొప్పది. నేను ఇంకెక్కడా చూడలేదు. టర్న్ బెట్టింగ్ అయ్యాక ఆట ఆపేస్తారు. అందరికీ చిన్న చీటీలు, పెన్సిళ్లు. చీటీలో రెండు గీతలు గీసి మూడు వరసలు చేయాలి. మొదటి వరసలో నిజంగా గెలిచే ముక్కలు, రెండో వరసలో తగలకపోయినా బెట్ వేసే ముక్కలు, మూడో వరసలో వదిలేసే ముక్కలు. చీటీ మడిచి చిప్స్ కింద పెట్టాక గానీ రివర్ ముక్క తిప్పరు. తిప్పాక చీటీలో రాసినట్టే ఆడాలి, మనసు మార్చుకోవడం కుదరదు. చివర్లో అందరూ చేతులు తెరిచి, చీటీలు పక్కన పెట్టి మాట్లాడుకుంటాం.

మొదటి చీటీల్లో గది మొత్తం మీద రెండో వరస పొడుగ్గా ఉండేది. "ఏది పడినా కొడతా" అని రాసినవాళ్లు కూడా ఉన్నారు. కోర్సు చివరికి వచ్చేసరికి చాలామంది చీటీల్లో ఆ వరసలో ఒకటో రెండో ముక్కలు, అవి కూడా ఫ్లష్ పూర్తి చేసేవో, స్ట్రెయిట్ పూర్తి చేసేవో, అదీ వాటికి సంబంధించిన పెద్ద ముక్క తమ చేతిలో ఉన్నప్పుడు మాత్రమే. రెండో వరస ఖాళీగా వదిలేసిన చీటీలూ ఎక్కువే. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా, ఉత్త కాగితంతో అంత మార్పు రావడం చూసి నాకు ఆ మాస్టారి మీద చాలా గౌరవం కలిగింది.

మన రమ్మీవాళ్లకు ఈ పాఠం ఎలా ఎక్కించాలో కూడా ఆయనకు తెలుసు. రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, చివరిదాకా ఉండి పోతే 80. ముక్కలు చూడగానే 20కి పోవాలా వద్దా అన్నది చిన్నప్పటి నుంచీ మనకు వచ్చిన విద్య. కానీ అదే మనుషులు పోకర్‌లో టర్న్ దాకా పెట్టేశాక 'ఇంత పెట్టాం కదా' అని వదలరు. ఎదుటివాడూ వదలడు, మనమూ వదలం. అలాంటి ఇద్దరి మధ్య బ్లఫ్‌కు చోటెక్కడిది? ఈ మాట విన్నాక నేను ఎదుటివాడి ముఖం చూడటం కంటే, టర్న్‌లో అతను ఎన్ని చిప్స్ పెట్టాడన్నది చూడటం మొదలుపెట్టాను. స్టాక్‌లో సగం పైన పెట్టేసినవాడిని లేపడానికి ప్రయత్నించను.

ఇక నచ్చనివి. ఒక ఆదివారం మొత్తం సాల్వర్ (సరైన ఆటను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) గురించి నడిచింది. పాట్ బెట్ వేసేటప్పుడు రెండు నిజమైన చేతులకు ఒక బ్లఫ్, సగం పాట్ అయితే మూడింటికి ఒకటి అన్న నిష్పత్తులు తెలుసుకోవడం మంచిదే. కానీ అవి, ఎదుటివాడూ సరైన లెక్కతో కాల్ చేసి ఫోల్డ్ చేసే ప్రపంచానివి. ఎవరూ ఫోల్డ్ చేయని టేబుల్ మీద ఆ నిష్పత్తి కంటే చాలా తక్కువ బ్లఫ్ కొట్టాలని సారే చివర్లో రెండు నిమిషాల్లో చెప్పారు. ఆ రెండు నిమిషాల మాటే ఆ పూటంతా చెప్పాల్సింది. స్క్రీన్ మీద ఆ రంగు రంగుల గడులు చూసి కొత్తవాళ్లు బాగా తికమకపడ్డారు.

నోట్స్ ఇంగ్లీషులో ఇస్తారు. క్లాసంతా కమ్మటి తెలుగులో చెప్పి, ఇంటికి పట్టుకెళ్లే కాగితం మాత్రం ఇంగ్లీషులో ఎందుకో అర్థం కాలేదు. అడిగితే రాస్తానన్నారు, ఇంకా రాలేదు. ఒక ఆదివారం రాలేకపోతే ఆ క్లాసు పోయినట్టే, వేరే బ్యాచ్‌లో కూర్చోనివ్వరు, డబ్బు తిరిగి రాదు, రికార్డింగ్ ఉండదు. ఐటీలో ఉండి వారాంతం డ్యూటీలు పడేవాళ్లు చేరేముందు ఇది చూసుకోవాలి. పన్నెండు దాటితే కింద మెస్ జనంతో గది నిండా గోల. గోంగూర వాసన సంగతి సరే, మాటలు వినబడటం కష్టమవుతుంది. ముఖ్యమైన చేతులు ఆ లోపే చెప్పించుకోవడం మంచిది.

క్లబ్బులో ఆడేవాళ్లకు అవసరమైన ఇంకో సంగతి ఇక్కడ పైపైన తేల్చేశారు: పాట్‌లోంచి క్లబ్బు తీసుకునే కోత. చిన్న టేబుల్ మీద ఆ కోత మన గెలుపులో పెద్ద ముక్కే తినేస్తుంది. చిన్న పాట్‌ను బ్లఫ్‌తో గెలిస్తే చేతికొచ్చేది మనం అనుకున్నదానికంటే తక్కువ, ఓడితే పోయేది మాత్రం పూర్తిగా. బ్లఫ్ ఎప్పుడు అన్న లెక్కలో ఇది కూడా ఉండాల్సింది.

ఎవరు చేరొచ్చు? ఒమాహా నియమాలు తెలిసి, కొన్నాళ్లు ఆడి, రివర్‌లో ఏం చేయాలో తేలక టెన్షన్ పడేవాళ్లకు ఇది సరైన చోటు. అసలు పోకరే తెలియనివాళ్లు ముందు హోల్డెమ్ నేర్చుకుని రండి, లేకపోతే మొదటి రెండు క్లాసుల్లో వెనకబడతారు. పెద్ద టేబుళ్ల మీద, గట్టి ఆటగాళ్లతో ఆడేవాళ్లకు ఇక్కడ కొత్తగా దొరికేది తక్కువ. అందరూ కాల్ చేసే టేబుల్ కోసం తయారుచేసిన పాఠమిది. నా లెక్కలో ఐదుకు నాలుగు. ఆ ఒక్క మార్కు తగ్గించింది సాల్వర్ పూటకూ, ఇంగ్లీషు నోట్స్‌కూ కలిపి.

తర్వాతి బ్యాచ్ సంక్రాంతి అయ్యాక మొదలవుతుందట. ముగ్గురు, నలుగురు రివర్ దాకా వచ్చే పాట్‌ల మీద విడిగా ఒక ఆదివారం పెట్టమని సార్‌ను అడిగాను, చూద్దామన్నారు. అది పెడితే ఆ ఒక్కరోజుకు ఫీజు కట్టి మళ్లీ వెళ్తాను. చేరేవాళ్లు మీరు కూడా అడగండి, పదిమంది అడిగితే పెడతారు.